సుబ్రహ్మణ్యం మాస్టారి కామెంట్లు

తెనాలిలో పంచాంగాలు వేసే ప్రెస్సులో శేషారత్నానిది పదకొండేళ్ల సర్వీసు. అమృతలూరు నుంచి బస్సులో వస్తుంది. మనిషి మెత్తన, పట్టు పడితే మాత్రం ఉడుంపట్టే. తిథి, నక్షత్రాల లెక్కల్ని పేజీలుగా పేర్చే స్టైల్‌షీట్ ప్రోగ్రామ్ ఆమె చేతిలో ఉంది. రాసింది సుబ్రహ్మణ్యం మాస్టారు. ఆమెకు పని నేర్పిందీ ఆయనే, పోయినేడు కాలం చేశారు. ఏ వరుస ఎందుకు రాశారో ప్రోగ్రామ్ నిండా తెలుగులో కామెంట్లు పెట్టి వెళ్లారు.

ఉగాది దగ్గర పడింది. ఒక్క తప్పు దిద్దినా పుస్తకం మళ్లీ తయారు కావడానికి నలభై నిమిషాలు! యజమాని దుర్గాప్రసాద్‌కు ఓపిక చచ్చింది.

"ఏంటమ్మా ఇది? ఇంత సోది మోస్తుంటే మిషను పరిగెత్తుద్దా? కామెంట్లన్నీ పీకెయ్."

పాపం, ఆయన్నీ అనడానికి లేదు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన తండ్రి దగ్గర పెరిగాడు. అక్కడ ప్రతి అక్షరానికీ టైము పట్టేది.

శేషారత్నానికి మాత్రం ఒళ్లు మండింది. "అవి మనకోసమండి. ఫైలు చదివేటప్పుడే మిషను వాటిని పక్కన పెట్టేస్తుంది. కొలిచి చూపిస్తా."

కామెంట్లు తీసేసిన కాపీ ఒకటి, అసలుది ఒకటి నడిపింది. రెండూ నలభై నిమిషాలే.

"మరి ఆలస్యం ఎక్కడ? సాయంత్రంలోగా చెప్పు. లేదంటే కామెంట్లు తీసెయ్యడమే," అన్నాడాయన.

టిఫిన్ డబ్బా కూడా విప్పకుండా మొదటి వరుస నుంచి చదువుతూ కూర్చుంది. ముహూర్తాల భాగం దగ్గర ఆగిపోయింది. సరిగ్గా నడుస్తున్న చోట వేలు పెట్టడమెందుకని ఇన్నేళ్లూ అటు తొంగిచూడలేదు. అక్కడ మాస్టారి కామెంటు:

'ఒక్కో ముహూర్తానికీ ఏడాదంతా మొదటి నుంచీ వెతుకుతోంది. ఏ రోజు ఎక్కడుందో ముందే సూచిక కట్టుకుంటే తేలిపోతుంది. నాకు చేతకాలేదు. శేషారత్నానికి వచ్చు. అడగాలంటే మొహమాటంగా ఉంది.'

కళ్లు చెమర్చాయి, కోపమూ వచ్చింది. "అడగొచ్చు కదండీ మాస్టారూ!" అని పైకే అనేసింది.

గంటలో సూచిక కట్టింది. పుస్తకం నాలుగు నిమిషాల్లో తయారైంది. దుర్గాప్రసాద్ వచ్చి ఆమె వెనక నిలబడి ఆ కామెంటు రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇప్పుడు పని అయిపోయింది కదా, దీన్ని తీసేస్తావా?" అన్నాడు నెమ్మదిగా.

"తీయనండి," అంది శేషారత్నం.