ధరణి ఇచ్చిన చోటు

ఆదివారం మధ్యాహ్నాలు కెనడాలోని ఒషావా లైబ్రరీ గదిలో, కాఫీ షాపు యూనిఫారంతోనే కూర్చుని, ధరణి వెల్లుల్లి రెబ్బ కొరికి ఆ రసంతో చైనా వేణువు రంధ్రం మీద, నాదం మోగడానికి, పలచటి రెల్లుపొర అంటిస్తుంది. అది ఆరేదాకా ఎవరితోనూ మాట్లాడదు. పట్టుతీగలు, వెదురు వేణువులు కలిసే ఈ మేళంలో అందరిదీ ఒకే పాట. ఒకరు స్వరాలు దట్టంగా అల్లుతుంటే పక్కవాళ్లు పలచబడి చోటివ్వడం మర్యాద. కిందటి కచేరీ జాబితాలోంచి ఆమె పేరు తీయించింది మేళంలో ఫిడేలు వాయించే చక్రధరే. "నీకు షిఫ్ట్ ఉందనుకున్నా" అని నవ్వాడు. అతని రెండుతీగల ఫిడేలు ఎప్పుడూ ఆమె వేణువు నీడలోనే నడుస్తుందని ధరణికొక్కదానికే తెలుసు.

కొత్త సంవత్సరం కచేరీకి ఒక్క కుర్చీయే మిగిలింది; అది ధరణికో చక్రధర్‌కో ఈరోజు ఇద్దరి వాయింపూ విని మేళం పెద్ద తేల్చాలి. పాట సగంలో ధరణి ఒక స్వరం మీద నిలిచి, ఊపిరి సన్నం చేసుకుంటూ పూర్తిగా ఆగిపోయింది. చక్రధర్ కమాను పాట కోసం తడుముకుని కీచుమంది. మేళం పెద్ద లియాంగ్ గారు టీ కప్పు కింద పెట్టారు.

"ఆపేశావేంటి ధరణీ?" గుసగుసగా అడిగాడు చక్రధర్.

"మర్యాద కదన్నా, నీకు చోటిస్తున్నా. కానీయ్."

అతను కమాను దించాడు. అప్పుడామె పెదవులు తడుపుకుని, అతను తప్పిన స్వరం దగ్గరే పాటను అందుకుంది.