మండ అడ్డమేసిన బాట

మోత్కూర్ దగ్గర ఒక సర్కారు బడిలో నేను ఇంగ్లిషు చెప్పేవాణ్ణి. ఇంగ్లిషు వచ్చి కాదు, పోస్టు వచ్చి. పదో తరగతికి ఒక పద్యం ఉండేది. బాట రెండుగా చీలిన చోట ఒక మనిషి నిలబడి ఆలోచిస్తాడు. దాన్ని నేను గైడు చూసి పిల్లలకు గైడ్ చేసేవాణ్ణి. ‘ఎవరి దారి వాళ్లే ఎంచుకోవాలి’ అని బోర్డు మీద పెద్దగా రాసేవాణ్ణి.

ఒక యేడు, గొర్లు కాసే ఇంటి పిల్ల ఒకతి ఆ ప్రశ్నకు వేరే జవాబు రాసింది: ఒక బాటకు చెట్టు మండ అడ్డమేసి ఉంది, అందుకే ఆ మనిషి రెండోదాంట్లో పోయాడు.

“పద్యంలో మండెక్కడిది బిడ్డా?” అన్నాను.

“మందతోని ముందట పోయేటోళ్లు, ఆళ్లు పోని బాటకు మండ అడ్డమేస్తరు సార్. ఎనక గొర్రెపిల్లలనెత్తుకొని వచ్చేటోళ్లం తప్పిపోకుంట. మేం ఎంచుకునుడు ఉండదు.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఐదుకు ఒక మార్కు వేశాను.

ఆ యేడు ఎండలు ముందే ముదిరాయి. మేత లేక వాళ్ల మంద హుజూర్‌నగర్ వైపు, కాలువ కింది పొలాలకు బయలుదేరాలి. పరీక్షలకు నెల ఉందనగా ఆ పిల్ల తండ్రి ఆమెను వెంటబెట్టుకుని బడికొచ్చాడు.

“దీని తల్లికి చెయ్యిరిగింది సారూ. ఆడ వండేటోళ్లు లేరు. పరీక్షలదాంక పిల్లను హాస్టల్ల ఉంచమంటరా, తోలుకపొమ్మంటరా? మీరెట్లంటే గట్ల.”

నేను బోర్డు ముందరి గొంతుతోనే అన్నాను: “పిల్లనే అడుగు. ఎవరి దారి వాళ్లే ఎంచుకోవాలి.”

ఆ పిల్ల ముందు నా మొహం చూసింది. తర్వాత, “నేనొస్త బాపూ” అంది.

‘ఉంచు’ అంటే అయిపోయేది. అక్షరాలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ రెండే దాచుకున్నాను. ఆమె పరీక్షలు రాయలేదు.

మూడేళ్ల తర్వాత ఒక పెళ్లికి పోతుంటే, హుజూర్‌నగర్ ఇవతల రోడ్డుకు గొర్ల మంద అడ్డమొచ్చి మా బస్సు ఆగింది. మంద వెనక కట్టె పట్టుకుని ఆమె. దిగి దగ్గరికి పోయాను.

“మంచిగున్నరా సార్?”

“తప్పు నాదే బిడ్డా. ఆ రోజు ఉంచమని మీ బాపుకు చెప్పాల్సింది. ఇప్పుడన్నా ఓపెన్ స్కూలుకు కట్టు. ఫారం నేను తెస్తా.”

“ఇప్పుడెక్కడిది సార్! నేనే వస్తనన్న గద. మీకెందుకు ఫికర్?” అని, పెద్దమనిషిలా నన్నే ఓదార్చింది.

ఒక్క మాట తిట్టినా కొంచెం తేలిగ్గా బస్సెక్కేవాణ్ణి.