టోపోడి అమెరికా అవ్వ

అబద్ధం చెప్పి పరువు పోగొట్టుకున్నవాళ్లు మీకు చాలామంది తెలిసే ఉంటారు. నిజం చెప్పినందుకు లేనిపోని గొప్పతనం నెత్తిన పడి, దాన్ని దించుకునే దారి లేక బొంబాయి కామాటిపుర గల్లీల్లో మొహం చాటేసుకు తిరిగినవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూస్తారు. కొంచెం సర్దుకుని కూర్చోండి, చెబుతాను. ఇందులో నా ఒక్కడి పరువే కాదు, అమెరికా, జపాను, మా గణపతి మండలి కూడా ఇరుక్కున్నాయి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. పేరు మల్లేశ్. కాలేజీకి వెళ్లడం తక్కువ, ఫోన్లో గేమ్ ఆడటం ఎక్కువ. ఆ గేమ్ జపాను వాళ్లది. దాని అసలు పేరు పలకబోతే మా నాలుకలు మడతపడేవి. అందుకని మేమంతా "టోపోడు" అనేవాళ్లం. అందులో హీరో చాటంత టోపీ పెట్టుకున్న ఒక బుడ్డోడు. వాడు నోరు విప్పి ఒక్క మాట మాట్లాడడు. వానలో తడుస్తూ కొండలెక్కుతాడు, ఆరిపోయిన దీపాలు వెలిగిస్తాడు, మళ్లీ నడుస్తాడు. అంతే. ఆ మాత్రానికే నేను ఒక పరీక్ష ఎగ్గొట్టి మరీ ఆడాను. ఆ సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. మీరూ చెప్పకండి.

ఇక మా నర్సింగ్ మామ. టాక్సీ నడుపుతాడు, మండలికి అధ్యక్షుడు. మంచివాడే గానీ ఎవరినీ మాట పూర్తి చేయనివ్వడు. ప్యాసింజర్ నోరు తెరిచేలోపు ఎక్కడికో తనే ఊహించి బండి కదిలించేస్తాడు. ఒకసారి "వర్" అన్న పెద్దమనిషిని నేరుగా వర్లిలో దింపాడట. పాపం ఆయన వెళ్లాల్సింది వర్సోవాకు. దార్లో ఆయన గొడవపడుతుంటే "ఫికర్ చెయ్యకు సేఠ్, వర్లికి ఇదే తొవ్వ" అని ధైర్యం చెప్పాడట కూడా.

మేముండే ఒంటిగది ఇళ్ల పాత మేడని చాలీ అంటాం. ఆ ఏడు వానలు మొదలయ్యాక దాని గ్యాలరీలో మండలి మీటింగ్ జరిగింది. గణపతి ముందర బొమ్మలూ మోటార్లూ లైట్లూ పెట్టి ఏదో ఒక కథ కట్టి చూపించడం బొంబాయి మండళ్ల అలవాటు. దాన్ని దేఖావా అంటాం. జనం వచ్చేది దేవుణ్ణి చూడ్డానికే గానీ, చూసి చెప్పుకునేది దేఖావా గురించి.

నర్సింగ్ మామ లేచాడు. "చూడుండ్రి. గోడలు ఎట్లున్నయో మీకు ఎరుకే. ఎప్పుడు ఖాళీ చేయమంటరో తెల్వదు. మనమంత ఒక్కకాడ ఉండి గణపతిని కూసోబెట్టేది ఇదే ఆఖరి యేడు గావొచ్చు. జనం యాది పెట్టుకోవాలె. ఏం చేద్దాం?"

ఒకరు కైలాసం అన్నారు. పక్క గల్లీ వాళ్లు పోయినేడు కైలాసమే కట్టారు. ఒకరు చందమామ మీదికి రాకెట్ అన్నారు. రాకెట్ పైకి లేవాలంటే పైకప్పు అడ్డం.

నేను ఆ మూల నా దోస్తుల మధ్య కూర్చుని వేళాకోళమాడుతున్నాను. "మన టోపోణ్ణి అమెరికావోళ్లు కార్టూన్ చేస్తే ఎట్లుంటదో తెలుసారా? ముందుగాల వానికి నోరిస్తరు. ఇగ వాడు మూస్తె ఒట్టు! పక్కన ఒక మాటలొచ్చే కుక్కని పెడ్తరు. ఇంటికాడ ఒక అవ్వని పెడ్తరు, వాడు తడిసి వస్తె తల తుడిచి బువ్వ పెడ్తది. ఆఖర్ల అందరు కలిసి ఒక నీతి చెప్పి డాన్సు చేస్తరు."

దోస్తులు పగలబడి నవ్వారు. ఆ నవ్వు మామ చెవిన పడింది.

"ఏంది అల్లుడా, మాకు గూడ చెప్పు!"

"ఏం లేదు మామా, మా గేమ్‌ల టోపోడు లేడూ, వాణ్ణి అమెరికావోళ్లు కార్టూన్ చే..."

"చేస్తున్నరా!"

నా నోట్లో "స్తే" అని ఒక్క ముక్క బయటికి రావడానికి సిద్ధంగా ఉంది. రానిస్తే కదా! మామ అప్పటికే అందరి వైపూ తిరిగాడు. "విన్నరా? మన పోరలు ఆడే గేమును అమెరికావోళ్లు కార్టూన్ చేస్తున్నరంట! ఇంకా ఎవ్వనికి తెల్వదు, మనకే తెలుసు! మల్లిగా, ఏమేం ఉన్నయిరా అండ్ల?"

ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు. "మామా, ఇదంతా ఉత్త ఊహ" అని అప్పుడైనా అనాల్సింది. కానీ ఏం జరిగిందో చూడండి. పాలు తెమ్మనీ, నీళ్ల పైపు పట్టుకొమ్మనీ తప్ప ఏనాడూ నన్ను పలకరించని పెద్దవాళ్లంతా నా వైపు తిరిగి కూర్చున్నారు. ఆ చూపులకి నేను పూరీలా ఉబ్బిపోయాను.

"కుక్క ఉంటది మామా. అవ్వ గూడ ఉంటది."

"అవ్వ గూడనా! భారీ!"

అలా ఖాయమైపోయింది.

మర్నాడు గుండె చిక్కబట్టుకుని ఫాక్‌లాండ్ రోడ్డు మీద మామ టాక్సీ దగ్గరికి వెళ్లాను.

"మామా, ఆ అమెరికా సంగతి నాకు ఎవ్వరు చెప్పలే. నేనే అను..."

"నువ్వే అన్నీ కనుక్కున్నవా? శాబాష్ బిడ్డా! నేను పొద్దుగాల నుంచి అదే అనుకుంటున్న, ఈ పోరనికి ఇంత తెలివి ఎక్కడిదీ అని. ఎక్కు, బ్యానర్ చూద్దువు."

బ్యానర్ అప్పటికే అచ్చయింది. మరాఠీలో, పళ్లెమంత అక్షరాల్లో: "అమెరికా కంటే ముందు మన గల్లీలో!" టోపోడి పక్కన గణపతి, గణపతి పక్కన నర్సింగ్ మామ, కింద చిన్న గుండ్రంలో నా ఫోటో. అది నా ఆధార్ కార్డు ఫోటో. ఏదో నేరం చేసి పట్టుబడ్డవాడిలా ఉన్నాను. ఆ మాటకొస్తే నా పరిస్థితికి తగ్గట్టే ఉంది.

పని మొదలైంది. గోడలు కట్టే సుతారి పనులు చేసే మావాళ్లు అట్టలతో కొండలు కట్టారు. ఆడవాళ్లు పాత చీరలతో మబ్బులు కుట్టారు. కుక్క తోక ఊపడానికి పాత టేబుల్ ఫ్యాన్ మోటారు పెడితే, తోక నిలబడి కుక్కే ఊగింది. ఇక మాటలు రికార్డు చేయాలి. ఏ భాషలో అని పెద్ద గొడవ. తెలుగన్నారు కొందరు, మరాఠీ అన్నారు కొందరు. చివరికి మామే తేల్చాడు. "టోపోడు మరాఠీ మాట్లాడతడు. వాళ్లవ్వ తెలుగు మాట్లాడతది. మన ఇండ్లల్ల అట్లనే గద."

అవ్వ గొంతు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. మా ఎదురు ఖోలీలో, అంటే ఎదురు గదిలో, రాజవ్వ ఉండగా ఇంకొకరెందుకు? పాలమూరు నుంచి కొత్త కోడలిగా వచ్చి, కంకర తట్టలు మోసి ఈ ఊళ్లో ఎన్నో మేడలకి చేయి వేసిన మనిషి. మా అమ్మ పనికి వెళ్లిన రోజుల్లో నేను పెరిగింది ఆమె ఖోలీలోనే. ఆమె గ్యాలరీలో నిలబడి మనవణ్ణి పిలిస్తే సందు చివర ఉన్న వేరేవాళ్ల మనవళ్లు కూడా ఇళ్లకు పరుగెత్తేవాళ్లు.

బయటి చప్పుడు రాకుండా ఆమెనూ నన్నూ బొంత కిందకి తోసి ఫోన్ ఆన్ చేశారు.

"అను అవ్వా. 'వాన వస్తుంది, పైకి రా బిడ్డా, బువ్వ సల్లగైతది.'"

"ఎవని పిలవాలె?"

"టోపోణ్ణి."

"వాడేడి?"

"లేడవ్వా. ఉన్నడనుకో."

"లేనోణ్ణి ఎట్ల పిలుస్తరురా? నాకు రాదు."

ఎంత బతిమాలినా రాలేదు. చివరికి నేను కిందికి దిగి, సందు మలుపులో వానలో నిలబడ్డాను. అప్పుడు పిలిచింది. మా అమ్మ కుక్కర్ విజిల్, పాత సామాన్లవాడి కేక, ఎవరిదో స్కూటర్ హారన్, అన్నిటి మీదుగా ఆ పిలుపు. ఫోన్లో రికార్డయిందీ అదే. నేను నిజంగానే మెట్లెక్కి పైకి వెళ్లిపోయాను. నిజంగానే బువ్వ పెట్టింది. అది తింటూ, రేపు ఎట్లాగైనా మామకు చెప్పేయాలి అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

పండగ వచ్చింది. మా దేఖావా చూడ్డానికి జనం విరగబడ్డారు. పక్క గల్లీ వాళ్లు కూడా మొహాలు మాడ్చుకుని లైన్లో నిలబడ్డారు. టోపోడు మోటారు మీద కొండెక్కుతూ మరాఠీలో గలగలా మాట్లాడతాడు, కుక్క మొత్తంగా ఊగుతుంది, పైన కిటికీ తెరుచుకుని రాజవ్వ గొంతు వినబడుతుంది. ఆ గొంతు రాగానే మాటల అర్థం తెలియని వాళ్లు కూడా ఓసారి పైకి చూసేవాళ్లు.

మూడో రోజు సాయంత్రం ఒక కేబుల్ ఛానల్ అమ్మాయి మైకుతో వచ్చింది. "ఈ కార్టూన్ ఎప్పుడు వస్తుంది? ఏ ఛానల్లో?" అని మరాఠీలో అడిగింది.

నర్సింగ్ మామ నన్ను గల్లా పట్టుకుని ముందుకు లాగాడు. "మా మల్లేశ్ చెప్తడు! అమెరికా సంగతులన్నీ వీనికి తెలుసు!"

ఎదురుగా కెమెరా. దాని వెనక గల్లీ అంతా. మొదటి వరసలో స్టూలు మీద రాజవ్వ, కొత్త చీరలో. ఇంకో అబద్ధం చెప్పడానికి కూడా తెలివి కావాలి, అది ఆ క్షణాన లేదు. మైకు అందుకుని చెప్పేశాను.

"అట్లాంటి కార్టూన్ ఏదీ లేదు. అమెరికావాళ్లు ఏమీ చేయట్లేదు. నేనే ఉత్తగా ఊహించి చెప్పాను. అందరూ నన్ను క్షమించాలి."

డప్పు ఆగిపోయింది. తిడతారో కొడతారో అని కళ్లు మూసుకున్నాను. మామ నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"చూసిన్రా! గుట్టు దాచుడంటే ఇదీ! కంపెనీవోళ్లు చెప్పొద్దన్నరు గావొచ్చు. మావోడు ప్రాణం పోయినా చెప్పడు!"

గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. "లేదు మామా, నిజంగా..." అంటే "అర్థమైంది బిడ్డా, అర్థమైంది" అని అందరూ కన్ను గీటారు. ఎంత కాదంటే అంత గొప్పవాణ్ణయిపోయాను. ఆ వారం నాకు రెండు పెళ్లి సంబంధాలు వచ్చాయంటే మీరు నమ్మాలి. అమెరికా పని దొరికిన పిల్లవాడట.

నన్ను నమ్మింది ఒక్క రాజవ్వే. హారతి అయ్యాక స్టూలు మీంచి లేవకుండా పిలిచింది.

"అబద్ధమే చెప్పినవ్ గదరా?"

"అబద్ధమే అవ్వా."

"అంటే ఆ పోరనికి అవ్వ లేదా?"

"లేదు. గేమ్‌ల ఎవ్వరు లేరు. ఒక్కడే తిరుగుతడు."

"వానల?"

"వానలనే."

ఆమె ఆ అట్టల కొండ వైపు చూసింది. "పోనీ, ఈ పదిరోజులన్న ఉంటది గద" అని కొంగు దులుపుకుని లేచింది.

తర్వాతి ఏడు చాలీ ఖాళీ చేయించారు. మేము తలా ఒక దిక్కు అయ్యాం. రాజవ్వ వాళ్లు వర్లి వైపు ఒక పెద్ద బిల్డింగులో పై అంతస్తుకు వెళ్లారు. నేను మొబైల్ షాపులో పనికి కుదిరి, గేమూ మండలీ అన్నీ మర్చిపోయాను. ఎక్కడైనా పాత చాలీవాళ్లు కనిపిస్తే "ఇంకా రాలేదా మీ కార్టూను?" అని కన్ను గీటేవాళ్లు. నేను ఫుట్‌పాత్ మార్చేవాణ్ణి.

మొన్నామధ్య మామ ఫోన్.

"అరే మల్లిగా! వచ్చిందిరా! నీ అమెరికావోళ్లు నిజంగనే తీసిన్రు! మా పోరలు చూస్తున్నరు!"

నమ్మలేక నేనూ పెట్టి చూశాను. నిజమే. టోపోడు నోరు మూయడం లేదు. కుక్క ఉంది, మాట్లాడుతోంది. ఆఖర్న నీతి ఉంది, డాన్సు ఉంది. నేను వేళాకోళానికి అన్నవన్నీ వాళ్లు శ్రద్ధగా తీశారు. ఒక్కటి తప్ప. వాడు తడిసి ఇంటికొచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు తనే తెరుచుకున్నాడు. లోపల ఎవరూ లేరు.

మామ మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి మండిపడుతూ. "మనవ్వను తీసేసిన్రు! నువ్వు ఊకోకు. అమెరికాకు ఫోన్ చెయ్. చాలీ మొత్తం సంతకాలు పెడ్తం!"

ఆ ఆదివారం రాజవ్వ దగ్గరికి వెళ్లి ఫోన్లో మొదటి భాగం చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చూసింది.

"ఇంత పెద్ద అమెరికాల ఒక్కనికి గూడ తోచలేదా, ఆ పోరనికి అవ్వ ఉండాలని?"

"తోచలేదవ్వా."

"మరి నీకెట్ల తోచింది?"

అప్పుడు గానీ నాకు వెలగలేదు. అమెరికావాళ్లను ఎగతాళి చేశాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. కుక్కా డాన్సూ వాళ్లవే కావచ్చు. అవ్వ మాత్రం వాళ్లదెప్పుడూ కాదు. నాకు వేరే రకం ఇల్లు ఊహించడం రాక, టోపోణ్ణి తెచ్చి మా ఎదురు ఖోలీలో కూర్చోబెట్టాను. ఆ మాటే ఆమెతో అన్నాను.

"ఆఁ, ఎరుకే తీ" అంది. "చెయ్యి కడుక్కో పో."

కాబట్టి, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, పూర్తి తెలివితో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ దేశంవాళ్లు ఏ బొమ్మ తీస్తారో నేను ఊహించను. ఊహించినా పైకి అనను. అన్నా, చివరి ముక్క వరకూ గట్టిగా పలికి గానీ ఊపిరి పీల్చను. ఇది రాజవ్వ మీద ఒట్టు.

అని ఇక్కడిదాకా రాసి ఆమెకు చదివి వినిపిస్తే, ఆమె భయపడిపోయింది. "నా మీద ఒట్లు పెట్టకురా! నీ నోటి సంగతి నాకు తెల్వదా? నాకింకా నాలుగు రోజులు బతకాలని ఉంది" అంది. న్యాయమే అనిపించింది.

అందుకని ఆ లైను కొట్టేసి రాస్తున్నాను: నర్సింగ్ మామ మీద ఒట్టు.