తడబడని నోరు

ఆ ఆసుపత్రిలో కాపలావాడి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఆయన్ని జోడునోరు అనే పిలిచేవారు. భాష రాని రోగులకు డాక్టరు మాటల్ని వాళ్ల భాషలో చెప్పే దుబాసీ ఆయన. కొత్తలో ఆయన అవస్థ చూసి తీరాల్సింది. ఒక్క రోగి లేచి వెళ్లేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేది. డాక్టరు నాలుగో వాక్యంలో ఉంటే ఈయన మొదటి దాని దగ్గరే నీళ్లు నములుతుండేవాడు. ఇంటికెళ్లాక బుర్రలో మాట మిగలక, ఉప్పు కావాలన్నా వేలితో చూపించేవాడు.

ఏళ్లు గడిచాక ఆ నోటికి మనిషితో పని లేకుండా పోయింది. డాక్టరు మొదలుపెట్టగానే వాక్యం ఎక్కడ ఆగుతుందో పసిగట్టేసేది. ఒకసారి డాక్టరు జోకు చెప్పబోతే, ఆయన సగంలో ఉండగానే ఇవతల రోగీ చుట్టాలూ పగలబడి నవ్వేశారు. పాపం, మిగతా సగం డాక్టరు దిగమింగుకున్నాడు. నమ్మకపోతే మీ ఇష్టం. నోటి పని నోరు చేస్తుంటే మనసు తీరిగ్గా ఇంట్లో కారుతున్న కుళాయి గురించి ఆలోచించేది. ఎవరికేం చెప్పాడో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ‘డాక్టరుగారు ఇలా అంటున్నారు’ అనకూడదు. డాక్టరు ‘నేను’ అంటే దుబాసీ కూడా ‘నేను’ అనాలి.

తల్లి పోయాక ఈ దుబాసీని చంకనేసుకుని పెంచిన అక్కకు జబ్బు చేసింది. దుబాసీ తన సొంతవాళ్ల దగ్గర ఈ పని చేయకూడదని ఆసుపత్రి నియమం. ఆమె వింటేనా?

“ఎవరో చెప్తే నాకెందుకురా? నీ నోట వింటే ధైర్యంగా ఉంటుంది.”

“నాకంటే బాగా ఎవడు చెప్తాడులే అక్కా,” అని బోర విరుచుకున్నాడు జోడునోరు.

పరీక్షల కాగితాలు తిరగేసి డాక్టరు నోరు విప్పాడు. ఇవతల నోరు అలవాటు కొద్దీ పరుగందుకుంది.

“జబ్బు లివరంతా పాకింది. ఆపరేషన్ వల్ల లాభం లేదు. నేను చేయగలిగింది ఇంకేం లేదు. నొప్పి తెలియకుండా మాత్రం చూస్తాను.”

ఆఖరి మాట డాక్టరు కంటే ముందు ఈయనే ముగించాడు. నోరు ఆగాకే, తానేం చెప్పాడో ఆయన చెవికెక్కింది.

అక్క డాక్టరు వైపు చూడనేలేదు. తమ్ముడినే చూస్తోంది.

“ఎక్కడా ఆగలేదేంట్రా?”

“అక్కా, అది నేనన్నది కాదు. డాక్టరుగారి మాట...”

“తెలుసులే. చక్కగా చెప్పావు. ఒక్క మాటైనా గొంతుకు అడ్డం పడలేదు.”

ఆ తర్వాతి సారి నుంచి ఆమె దుబాసీగా కొత్తగా చేరిన అమ్మాయినే పిలిపించుకుంది.

“దానికి సగం మాటలే రావక్కా! ఏదన్నా తప్పు చెప్తే?”

“చెప్పనీ. ఆ పిల్లకి నా సంగతి చెప్పాలంటే ముచ్చెమటలు పడుతున్నాయిరా. నాకది చాలు.”

జోడునోరు నుదురు తడుముకుని చూసుకున్నాడు, పొడిగా ఉంది. కొత్తలో తనకూ పట్టిన ఆ చెమట ఎక్కడ అడిగితే తిరిగి దొరుకుతుంది?

ఇప్పుడాయన తలుపు బయట బల్ల మీద కూర్చుంటున్నాడు. లోపల ఆ అమ్మాయి ఒక మాట దగ్గర ఆగిపోతే, ఇక్కడ ఈయన నోరు దాన్ని అప్పుడే అనేస్తోంది. చేత్తో గట్టిగా నొక్కిపట్టినా అరచేతి కింద పెదాలు కదులుతూనే ఉన్నాయి.

“నిదానంగా చెప్పమ్మా,” లోపల అక్క అంటోంది. “తొందరేం లేదు.”