నరసాపురంలో పాత పడవ కొన్నాం, గోదారి మీదే తోటకు తెచ్చుకున్నాం

సిద్ధాంతం వంతెనకు దిగువన, గోదావరి మధ్యలో ఉన్న ఒక చిన్న లంకలో మాకు ఎకరం జామతోట ఉంది. మేముండేది నిడదవోలులో. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, మావారు ప్రసాద్ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆదివారం చర్చి అవగానే బండి మీద గట్టు దాకా వెళ్ళి, అక్కడినుంచి ఊరి పడవలో తోటకు దాటడం తొమ్మిదేళ్ళుగా మా అలవాటు. ఈసారి వానలు తగ్గే సమయానికి ఆ పడవ నడిపే పెద్దాయన మోకాళ్ళ నొప్పులు పడలేక పని మానేశారు. ఆయన బదులు ఇంకెవరూ రాలేదు. మూడు ఆదివారాలు గట్టు మీద నిలబడి, అవతల పచ్చగా కనిపిస్తున్న మా చెట్లను చూసి తిరిగి వచ్చేశాం. లంకలోనే కాపురముండే సత్యవతి గారు ఫోన్ చేసి, "కాయలు రాలిపోతున్నాయండీ, చూడలేకపోతున్నాను" అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రసాద్ గారు మెల్లగా, "తోట అమ్మేద్దామా?" అని అడిగారు. "తోట ఎందుకండీ అమ్మడం, పడవ కొందాం" అన్నాను. ఆయనకు ఈత రాదు. నీళ్ళంటే భయం కూడా. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

కొత్త ఫైబర్ పడవ, కొత్త ఇంజన్ మాకు అందే ధరలో లేవు. పాతవాటి కోసం వాకబు చేస్తే అందరూ నరసాపురం వైపే చూపించారు. మా స్కూల్లో పనిచేసే ఒకావిడ బంధువుల ద్వారా, అక్కడ పాత పడవ అమ్ముతున్న పోలయ్య గారి నంబరు దొరికింది. నవంబరులో ఒక గురువారం ఇద్దరం సెలవు పెట్టి, పొద్దున్నే నిడదవోలులో పాసింజరు రైలు ఎక్కాం. తణుకు, భీమవరం మీదుగా రెండున్నర గంటలు పట్టింది. టికెట్టు మనిషికి యాభై రూపాయల లోపే. స్టేషన్ నుంచి రేవుకు ఆటోకి ఎనభై ఇచ్చాం.

పోలయ్య గారికి అరవై ఏళ్ళుంటాయి. తమ్ముడితో కలిసి సముద్రానికి వెళ్ళే పెద్ద పడవ కొన్నారట, అందుకని ఈ చిన్నదాన్ని అమ్మేస్తున్నారు. పద్దెనిమిది అడుగుల పొడవు, నీలం రంగు ఫైబర్, దాదాపు పది హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్. లక్షా అరవై అయిదు వేలు చెప్పారు. నేను వెళ్ళే ముందు వారం రోజులు వీడియోలు చూసి, ఏం చూడాలో నోట్‌బుక్కులో రాసుకున్నాను. పడవ చుట్టూ తిరుగుతూ వేలి కణుపులతో తట్టాను. అంతటా గట్టిగా ఒకే చప్పుడు. వెనక, ఇంజన్ బిగించే చెక్క దగ్గరకొచ్చేసరికి చప్పుడు మారిపోయింది. బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఒక బోల్టు పక్కన మెల్లగా నొక్కితే, నానిన రస్కులోకి దిగినట్టు దిగిపోయింది.

 పోలయ్య గారు నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఇంకో రెండుచోట్ల ఆయనే గుచ్చి చూశారు. 

"నిజంగా నాకు తెలీదండి టీచర్ గారు" అన్నారు. "పైన ఫైబర్ బానే ఉంది, లోపల చెక్క పుచ్చిపోయింది. ఇలాగే తీసుకెళ్ళుంటే నడి గోదాట్లో ఇంజన్ ఊడి పడిపోయేదండి. నేనే మార్పిస్తాను. ధర కూడా ఓ పదిహేను వేలు తగ్గించుకోండి."

బేరం అక్కడే కుదిరిపోయిందనుకున్నాం. కానీ ఆయన ప్రసాద్ గారి వైపు తిరిగి, "ఇంతకుముందు నడిపారాండి?" అని అడిగారు.

"నేను కాదండి, మా ఆవిడ నడుపుతుంది" అన్నారు మావారు, పడవకి రెండడుగులు వెనకే నిలబడి.

పోలయ్య గారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. ఎగతాళి లేదు ఆ చూపులో. "అయితే ఒక మాటండి. చెక్క ఆరడానికి రెండ్రోజులు పడుతుంది. ఈలోగా మా తమ్ముడి పడవ మీద నేర్పుతాను. శనివారం సాయంత్రం మీరొక్కరే ఈ పడవేసుకుని అదిగో, నీళ్ళ మీద తేలుతున్న ఆ బోయా దాకా వెళ్ళి తిరిగి రావాలి. వస్తే అమ్ముతాను, రాకపోతే డబ్బులు పట్టుకుని రైలెక్కేయండి. గోదారికి ఒకరిని అప్పజెప్పి నేను నిద్రపోలేనండి."

రేవుకు దగ్గర్లోనే రోజుకు తొమ్మిది వందలకు లాడ్జి గది తీసుకున్నాం. ఫైబర్ పనివాళ్ళు పుచ్చిన చెక్కను తొలిచేసి, కొత్త ప్లైవుడ్ పెట్టి, పైన ఫైబర్ పొరలు వేశారు. ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గులు, పెట్రోలు పైపు, నీళ్ళు తోడే రబ్బరు చక్రం మార్పించాం. రెండు లైఫ్ జాకెట్లు, ఒక చిన్న లంగరు, తాళ్ళు, తెడ్డు, విజిల్, నీళ్ళు తోడుకోవడానికి బక్కెట్టు కొన్నాం. ఇంజన్ దగ్గర కూర్చున్న మనిషి జారి పడితే ఇంజన్ దానంతటదే ఆగిపోయేలా చేతికి కట్టుకునే ఎర్ర తాడు పాతది తెగిపోయి ఉంటే, అదీ కొత్తది తీసుకున్నాం. అన్నీ కలిపి పదకొండు వేలు దాటింది. చెక్క ఖర్చు పోలయ్య గారిదే.

నేర్చుకోవడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. మొదటి సాయంత్రం ఇంజన్ తాడు లాగి లాగి భుజం పట్టేసింది. "బలం కాదండి, ముందు మెల్లగా లాగండి, లోపల ఎక్కడో పట్టుకున్నట్టు తెలుస్తుంది, అప్పుడు ఒక్క గుంజు" అని పోలయ్య గారు చూపించాక రెండో లాగుకే అందుకుంది. ఇంజన్ పిడి కుడికి నెడితే పడవ ఎడమకు పోతుంది. పాతికేళ్ళు స్కూటీ నడిపిన చేతులు ఆ మాట వినవు. రెండుసార్లు బురదలోకి, ఒకసారి వల ఆరేసుకుంటున్న వాళ్ళ మధ్యకి తీసుకెళ్ళాను. వాళ్ళు నవ్వుతూనే నన్ను వెనక్కి నెట్టారు.

శనివారం సాయంత్రం నాలుగింటికి నీలం పడవలో ఒక్కదాన్నే కూర్చున్నాను. గట్టు మీద ప్రసాద్ గారు చేతులు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకుంటున్నారు. ఇంజన్ మూడో లాగుకు అందుకుంది. బోయా దగ్గర మలుపు తిప్పుతున్నప్పుడు సఖినేటిపల్లి నుంచి జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు తాలూకు అల తగిలి పడవ ఒక పక్కకు ఒరిగింది.  పోలయ్య గారు చెప్పినట్టు వేగం తగ్గించి, ముక్కు అలవైపు తిప్పాను. పడవ అలెక్కి దిగింది. అంతే, ఇక నవ్వు ఆగలేదు. రేవులోకి వచ్చి ఆపితే, ఆయన తాడు అందుకుని, "ఆయ్! ఇక మీదేనండి" అన్నారు. అక్కడే రిజిస్ట్రేషన్ పేరు మార్పు కాగితాల మీద సంతకాలు చేశారు.

ఆదివారం ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. సముద్రం పోటు ఎక్కేటప్పుడు నీరు ఎగువకు తోస్తుంది కాబట్టి ఆ వేళ చూసుకుని వెళ్ళమన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు: నీరు గలగలలాడే చోట కింద ఇసుక మేట ఉంటుంది, నున్నగా నల్లగా ఉన్నచోటే లోతు. పాతిక లీటర్ల పెట్రోలు పోయించుకున్నాం. ప్రసాద్ గారు లైఫ్ జాకెట్ పట్టీలు మూడుసార్లు బిగించుకుని, మధ్య బల్ల మీద రెండు అంచులూ పట్టుకుని కూర్చున్నారు. రేవు దాటాక పొగమంచులో కొబ్బరిచెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇంజన్ పక్కనుంచి సన్నటి నీటిధార వస్తూ ఉండాలి, అది వస్తున్నంతసేపూ ఇంజన్ చల్లగా ఉన్నట్టు. వెనక్కి తిరిగి దాన్ని చూసుకోవడం నాకు పనైపోయింది.

చించినాడ వంతెన ఇంకా రెండు వందల గజాలుందనగా ఆ ధార ఆగిపోయింది. ఇంజన్ కట్టేశాను. పైకి లేపి చూస్తే కింద గుర్రపుడెక్క తీగలు ఫ్యానుకు చుట్టుకుని, నీళ్ళు పీల్చే రంధ్రాలను మూసేశాయి. వాటిని చాకుతో కోస్తుంటే, పోటు మమ్మల్ని నేరుగా వంతెన స్తంభం మీదకు తీసుకెళ్తోంది.

"ఏమండీ, తెడ్డు అందుకోండి!" అని అరిచాను.

ఆయన బల్ల వదలరేమో అనుకున్నాను. వదిలారు. మోకాళ్ళ మీద పడవ ముందుకి పాకి, తెడ్డు తీసుకుని, స్తంభం దగ్గరకు రాగానే తెడ్డు కొసను దానికి ఆనించి రెండు చేతులా నెట్టారు. పడవ ముక్కు పక్కకు తిరిగింది. సిమెంటు మాకు మూరెడు దూరంలో దాటిపోయింది. అవతలకు వచ్చాక నేను ఆఖరి తీగ కూడా కోసి, తాడు లాగాను. ఇంజన్ అందుకుంది, ధార మళ్ళీ వచ్చింది. స్తంభం దగ్గర ఎగిరిన నీళ్ళకు ప్రసాద్ గారు నిలువునా తడిసిపోయి, వెనక్కి తిరిగి, "సుజాతా, ఇంకా వంతెనలున్నాయా?" అని అడిగారు. ఉన్నది సిద్ధాంతం ఒక్కటే, దానికి ముందే మన లంక వస్తుందన్నాను. "అయ్యో" అన్నారు. ఆయన నిరాశ చూసి పడీ పడీ నవ్వాను.

ఆ తర్వాత దారంతా ఆయన ముందే కూర్చుని, మేటలు కనిపెట్టి, "కుడికి", "ఇంకొంచెం ఎడమకి" అని చెబుతూనే ఉన్నారు. చించినాడ దాటాక పోటు బలం తగ్గింది. దొడ్డిపట్ల దగ్గర గట్టున ఆగి, ఒకామె బండి దగ్గర ఇడ్లీ, పెసరట్టు తిన్నాం, ఇద్దరికీ కలిపి తొంభై. "ఆవిడే నడిపారాండి?" అని ఆమె మావారిని అడిగితే, "అవునండి, నేను దారి చూపిస్తున్నాను" అన్నారు, పొద్దుటి మనిషేనా అనిపించేలా. ఆమె నాకు మాత్రం ఇంకో పెసరట్టు వేసింది, డబ్బు తీసుకోలేదు.

ఒంటిగంట దాటాక మా లంక కనిపించింది. ఇంజన్ చప్పుడు విని సత్యవతి గారు ఒడ్డుకు వచ్చారు. మేము దిగి తోటలోకి పరుగెడదామనుకుంటే, ఆవిడ ఇంట్లోకి వెళ్ళి చీర మార్చుకుని, సంచీ పట్టుకుని వచ్చేశారు. "తోట ఎక్కడికీ పోదండి. ముందు నన్ను అవతల దింపండి. చేపలోళ్ళ పడవల కోసం కాచుకోలేక నెల్లాళ్ళయింది నేను మా అమ్మాయిని చూసి." మా జామచెట్టు మీద చెయ్యైనా వెయ్యకుండానే మళ్ళీ ఇంజన్ తాడు లాగాను.

పడవ కొనకముందు గోదావరి నాకు తోటకీ ఇంటికీ మధ్య అడ్డంగా ఉన్న నీళ్ళు. దాటడం ఎవరి చేతిలోనో ఉండేది. ఆ నాలుగు రోజుల్లో ఆ నీళ్ళు నాకు ఎంత పనిచెప్పాయో అంత దారీ ఇచ్చాయి. యాభై దాటాక మొదటిసారి ఒక కొత్త పని చేతులకు అలవాటవుతుంటే, రాత్రి పడుకున్నా అరచేతిలో ఆ ఇంజన్ అదురు తెలుస్తూనే ఉంది. పక్కన ఈత రాని మనిషి, వచ్చే సెలవుల్లో ఈత నేర్పే మాస్టారు ఎక్కడ దొరుకుతారా అని ఫోన్లో వెతుక్కుంటున్నారు.

మీరూ పాత పడవ చూడ్డానికి వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ముందుగా ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే దాన్ని ఒకసారి బలవంతంగా నడిపించి ఉంచారని అర్థం; వేడి మీదున్న ఇంజన్ లోపమున్నా సులువుగానే అందుకుంటుంది. ఏమీ అనకుండా టీ తాగడానికి వెళ్ళి, గంటన్నర ఆగి రండి. బాగా చల్లారిన ఇంజన్ మీ చేత్తో నాలుగు లాగుల్లో అందుకుంటేనే బేరం మొదలుపెట్టండి.