ప్రాణహాని ఉందని రాసింది నేనే

2019లో నేను పశ్చిమ ఢిల్లీలోని ఒక తుపాకుల దుకాణంలో కాగితాల పని చూసేవాణ్ణి. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. తుపాకుల దుకాణం అనగానే అద్దాల వెనక వరసగా నిలబెట్టిన ఆయుధాలు ఊహించుకుంటారు గాని, మా పనిలో మూడొంతులు కాగితాలే. లైసెన్స్ లేనివాడికి మేం ఒక్క తూటా కూడా అమ్మకూడదు. ఆ లైసెన్స్ కోసం దరఖాస్తు నింపించడం, పత్రాలు జతచేయడం, పోలీసు లైసెన్సింగ్ ఆఫీసుకు వెంట వెళ్లడం నా ఉద్యోగం. కాకినాడ నుంచి సివిల్స్ రాయాలని వచ్చి, కటవారియా సరాయ్‌లో నాలుగేళ్లు అద్దెగదిలో చదివి, చివరికి ఈ బల్ల దగ్గర కుదురుకున్నాను.

చేతిలోంచి వెళ్లిన ఫైళ్లలో నేను ఎక్కువగా గర్వపడేది కెజియా ఫైలు. ఎక్కువసార్లు చెప్పుకున్నదీ అదే. చెప్పిన ప్రతిసారీ అందులో ఒక అబద్ధం చెప్పాను. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

కెజియాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. తల్లి సలోమి గారిది బాపట్ల వైపు. ఢిల్లీలో పెద్దాసుపత్రిలో నర్సు, కాపురం జనక్‌పురిలో. భర్త పోయాక కూతుర్ని ఒక్కతే పెంచుకొచ్చింది. అమ్మాయి ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి పాయింట్ టూ టూ రైఫిల్‌కి మారింది. పోటీలకు వాడే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మందుగుండుతో పేలే పాయింట్ టూ టూకి కావాలి. అప్పటిదాకా షూటింగ్ రేంజ్‌లో అందరూ వాడే రైఫిల్‌తోనే కాల్చేది. అది ఆమె భుజానికి సరిపోయేది కాదు. సరైనది విదేశం నుంచి తెప్పించుకోవాలంటే దిగుమతి అనుమతి కావాలి, ఆ అనుమతికి ముందు లైసెన్స్ చేతిలో ఉండాలి. మరుసటి ఏడాది సెలెక్షన్ ట్రయల్స్‌కి రైఫిల్ అందకపోతే ఆ ఏడాది పోయినట్టే.

మా వృత్తిలో ఒక అలవాటుంది. ఎవరూ కొత్త ఫైలు కొత్తగా తయారుచేయరు. పాత ఫైలు తెరిచి, పేరు, చిరునామా మార్చి ప్రింటు తీస్తారు. మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వ్యాపారులు, ఇళ్ల స్థలాల బ్రోకర్లు. వాళ్లందరికీ నేను వాడే పేరా ఒకటే: ‘వ్యాపార కక్షల కారణంగా నాకు ప్రాణహాని ఉన్నది. ఆత్మరక్షణ నిమిత్తం ఆయుధం అవసరం.’ కెజియాకి కూడా అలాగే ఒక బ్రోకర్ ఫైలు తెరిచాను. పేరు మార్చాను, ఫొటో మార్చాను, ఆయుధం రకం మార్చాను. పేరా మార్చలేదు. అఫిడవిట్‌లో కూడా అదే ఉండిపోయింది.

సంతకాలప్పుడు సలోమి గారు అడిగింది కూడా. “ఏముంది బ్రదర్ ఇందులో? హిందీ నాకు చదవడం నిదానం.”

“అంతా రొటీనే సిస్టర్. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా అమ్మాయి సంతకం, సాక్షిగా మీది.”

నేను చెప్పానన్న నమ్మకంతో పెట్టారు.

మూడు వారాలకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ముగ్గురం వెళ్లాం. లైసెన్సింగ్ అధికారి ఫైలు తిరగేసి, కళ్లజోడు పైనుంచి కెజియాను చూశాడు.

“ఆప్‌కా బిజినెస్ క్యా హై?” మీ వ్యాపారం ఏమిటి అని.

“బిజినెస్? సర్, మైఁ తో ఎం.ఎ. కర్ రహీ హూఁ.” తను ఎం.ఎ. చదువుతున్నానంది కెజియా.

“ఫిర్ యే దుష్మన్ కౌన్ హైఁ?”

కెజియా తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. శత్రువులంటే రేంజ్‌లో తనకన్నా రెండు పాయింట్లు ముందున్న ఒక అమ్మాయి తప్ప ఇంకెవరూ లేరని హిందీలో అమాయకంగా చెప్పింది. అధికారికి నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. అఫిడవిట్ పేజీ తెరిచాక ఆ కాస్త నవ్వూ పోయింది. ప్రమాణం చేసి అబద్ధం రాశారు, దరఖాస్తు తిరస్కరించడమే కాదు, కేసు కూడా పెట్టొచ్చు అన్నాడు. ఒక్కసారి తిరస్కరిస్తే ఆ మచ్చ పోదు. ఆ తర్వాత నింపే ప్రతి దరఖాస్తులోనూ ‘ఇంతకుముందు తిరస్కరించారా’ అన్న ప్రశ్న ఉంటుంది.

“కిస్‌నే లిఖా?” ఎవరు రాశారు అని అడిగాడు.

ఆ గదిలోని బీరువాలో అదే పేరాతో నేను పంపిన ఫైళ్లు ఎన్నో ఉన్నాయి. నేనే అని ఒప్పుకుంటే అవన్నీ తెరుస్తారు. “వాళ్లు చెప్పిందే టైప్ చేశాను సర్” అన్నాను.

సలోమి గారు నా వైపు తిరిగి చూసింది. ఎంతోసేపు కాదు, ఒక్క చూపు. తర్వాత అధికారితో, “గల్తీ మేరీ హై సర్. మైనే లిఖ్‌వాయా. బచ్చీకో కుఛ్ నహీ పతా” అంది. తప్పు తనదే, తనే రాయించింది, పిల్లకేమీ తెలియదు అని.

సరిచేసిన దరఖాస్తు, కొత్త అఫిడవిట్ పది రోజుల్లో ఇమ్మన్నాడు అధికారి. బయట వరండాలో కెజియా ఆగలేదు.

“మమ్మీ, ఆప్‌నే కబ్ లిఖ్‌వాయా?” నువ్వెప్పుడు రాయించావు అని.

“నువ్వు నోర్మూసుకుని పద.”

“సిస్టర్, మీరెందుకు…” అన్నాను.

“వార్డులో మందు తప్పు పడితే ఎవరు వేశారని ముందు అడగం బ్రదర్. ముందు పేషెంటు సంగతి చూస్తాం. మీరు ఫైలు చూడండి.”

చూశాను. ఈ మాట గర్వంగానే చెబుతాను, ఆ పది రోజులు నేను చేసినంత బాగా ఈ పని ఇంకెప్పుడూ చేయలేదు. పాత ఫైలు తెరవకుండా మొదటి అక్షరం నుంచి రాశాను. మూడేళ్ల స్కోరు షీట్లు తేదీల వరసలో పెట్టాను. కోచ్ దగ్గర, రేంజ్ దగ్గర, క్రీడా సంఘం దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చాను. జనక్‌పురి ఇంట్లో ఇనుప బీరువాను గోడకు బోల్టులతో బిగించి ఫొటోలు తీయించాను. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ ఎదురింటి ఆంటీని, “ఈ ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?” అని అడిగితే, “ఆదివారం పొద్దున్నే కీర్తనలు పాడతారు భయ్యా, అదొక్కటే గొడవ” అందట.

కొత్త అఫిడవిట్‌లో మాత్రం నేను ఒక వాక్యం రాశాను: ‘దరఖాస్తుదారు తల్లి అవగాహనా లోపం వల్ల తప్పుడు కారణం నమోదైనది.’ నోటరీ బల్ల దగ్గర ఈసారి సలోమి గారు ప్రతి లైను వేలు పెట్టి చదివింది. ఆ లైను దగ్గర వేలు ఆగింది.

“ఇదీ అబద్ధమేగా బ్రదర్?”

“ఇలా ఉంటే త్వరగా అవుతుంది సిస్టర్.”

సలోమి గారు నా పెన్ను తీసుకుంది. సంతకం పెట్టింది. టైపింగ్ పొరపాటని నా పేరుతో రాసినా ఆ పని అయ్యేది. దుకాణం పేరు, నా పేరు కాపాడుకోవడానికి అలా రాశాను.

లైసెన్స్ వచ్చింది, తర్వాత దిగుమతి అనుమతి. ఎయిర్‌పోర్టు కార్గోలో కస్టమ్స్ వాళ్లు పెట్టె తెరిచి, రైఫిల్ మీద చెక్కిన నంబరు అనుమతి పత్రంతో సరిచూస్తారు. ఒక్క అంకె తేడా వచ్చినా సరుకు ఆగిపోతుంది. కెజియా నంబరు పైకి చదువుతుంటే నేను కాగితం మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను. అన్నీ కలిశాయి. “అంకుల్, హో గయా!” అని ఆ పిల్ల ఎగిరిన ఎగురు నా ఉద్యోగంలో నాకు దక్కిన బహుమతి. ట్రయల్స్‌లో ఆ రైఫిల్‌తోనే కాల్చి జట్టులోకి వచ్చింది.

ఆ తర్వాతే అసలు తప్పు చేశాను. క్రీడాకారులు దుకాణానికి వచ్చినప్పుడల్లా, “పాపం ఆ తల్లికి తెలియక ప్రాణహాని అని రాయించేసింది, పది రోజుల్లో నేను నిలబెట్టాను” అని చెప్పుకున్నాను. ఒక తెలుగు సంఘం సంచికలో వ్యాసంగా కూడా రాశాను. పేరు రాయలేదు గాని, నర్సు తల్లి, షూటర్ కూతురు అంటే ఎవరికి తెలియదు? చర్చిలో ఆమెను, “సిస్టర్ గారూ, బాడీగార్డు లేకుండా వచ్చారేం?” అని ఆటపట్టించేవారని, చాలాకాలం అది ఆగలేదని, చాలా ఆలస్యంగా కెజియా చెప్పింది.

లైసెన్స్ ఐదేళ్లకు రెన్యువల్‌కి వచ్చింది. తల్లీకూతుళ్లు మళ్లీ నా బల్ల ముందు కూర్చున్నారు. అప్పటికే లైసెన్సింగ్ అధికారి పేర ఒక ఉత్తరం తయారుచేసి ఉంచాను: ఆ పేరా నాది, అఫిడవిట్‌లోని వాక్యం నాది, ఈమె ఏమీ తెలియని అమాయకురాలు, నేను చెప్పిన చోటల్లా సంతకం పెట్టింది అని. సలోమి గారి ముందు పెట్టాను.

కళ్లజోడు పెట్టుకుని నిదానంగా, మొత్తం చదివింది. నా పెన్ను తీసుకుని ఒక మాట కింద గీత గీసింది.

“అమాయకురాలినని మీకెవరు చెప్పారు బ్రదర్? మొదటిసారి తెలియక పెట్టాను. రెండోసారి చదివి, తెలిసే పెట్టాను, నా పిల్ల కోసం. అది నా తప్పు. దాన్ని కూడా మీ ఖాతాలో వేసుకోకండి. రాయండి.”

ఆమె చెబుతుంటే రాశాను. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. కొత్త అధికారి చదివి ఇద్దర్నీ మందలించాడు, నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. మా యజమాని వారం రోజులు నాతో మాట్లాడలేదు. రెన్యువల్ ఆగలేదు.

ఇప్పుడు దరఖాస్తులో కారణం గడి ఖాళీగా ఉంచి ఇస్తాను. ఎవరిది వాళ్లే తమ చేతిరాతతో నింపాలి. మొదట ఆ పిల్లకు లేని భయాన్ని రాశాను, తర్వాత తల్లికి లేని అజ్ఞానాన్ని, చివరికి పశ్చాత్తాపంతో కూడా లేని అమాయకత్వాన్నే రాశాను. మూడుసార్లూ మనిషి నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఒక్కసారీ అడగలేదు.