దూరమా అని అడగని మా అత్తగారు

మా అత్తగారు నా ఆరోగ్యానికి చేసిన అపకారమంతా ఒక్క మాటతో చేసింది. "ఎక్కడికే?"

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే అశుభం. అడిగించుకున్నవాళ్లు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఈ సంగతి ఆవిడకి తెలిసినంత మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కొడుకు చెప్పులేసుకుంటుంటే నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు "దూరమా నాయనా?" అనేది. ఆ "ఎక్కడికే" మాత్రం నాకోసమే దాచుకుంది.

అప్పట్లో, డెబ్బైల్లో, విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల మధ్య సందులో మా అద్దె ఇల్లు. రెండో కాన్పు తర్వాత నాకు బీపీ దిగలేదు. మా అమ్మ ఇదే బీపీతో పొయ్యి ముందు కూలబడి, ఏళ్ల తరబడి మాట లేకుండా మంచంలో ఉండి చివరికి కన్నుమూసింది. ఆ కథ చెబితే డాక్టరమ్మ, "ఉప్పు తగ్గించమ్మా, పచ్చళ్లు మానెయ్, పొద్దున్నే నడువు. మొదట్లో కాలవ వంతెన దాకా చాలు" అంది. అంత చిన్న పని.

పచ్చడి మానేశాను. ఊరగాయ లేని మజ్జిగన్నం గొంతు దిగేది కాదు, అయినా మానేశాను. నడకే కుదరలేదు. తెల్లవారుతూనే లేచి గడప దాటబోతే వసారాలో నులక మంచం మీంచి "ఎక్కడికే?" వెనక్కి వచ్చి కూర్చునేదాన్ని, నీళ్లు తాగేదాన్ని. ఈలోపు కుళాయి వచ్చేది, చంటిది లేచేది, ఆ పూటకి నడక అయిపోయేది. అమ్మ గతి చూసినదాన్ని, అశుభం అన్నాక అడుగెలా వేస్తాను? నా భయం ఆవిడ కనిపెట్టింది. ఒళ్లు మండిపోయేది నాకు.

మా ఆయనతో చెప్పుకుంటే "పెద్దావిడ, ఏదో అలవాటు" అన్నాడు. అలవాటట! నాకో మంచి అలవాటు పట్టకుండా చేసే అలవాటు.

ఒకరోజు గడప దగ్గరే ఆగి జవాబు చెప్పాను.

"ఎక్కడికీ కాదండీ అత్తయ్యా. వంతెన దాకా నడిచి వచ్చేస్తా. ఎక్కడికీ వెళ్లనిదానికి అశుభమేంటండీ?"

"పనీ పాటా లేకుండా రోడ్డెక్కుతావా? నలుగురూ ఏమనుకుంటారే?"

"మా అమ్మలా మంచాన పడకూడదనండీ. పడితే నాకు చేసేదెవరు, మీరా?"

ఆవిడ తొణకలేదు. "నేనెందుకు చేస్తానే? మావాడికి ఇంకో పిల్లని తెస్తా."

మా ఆయన పెరటి గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాడు. అతనికి వినపడింది. ఉమ్మేసి, మళ్లీ తోముకున్నాడు.

నేను మెట్లు దిగాను. డాక్టరమ్మ చెబితే రాని పట్టుదల ఆ మాటతో వచ్చింది. జ్వరం వచ్చిన రోజు తప్ప ఇక మానలేదు. వీధిలోవాళ్లు చూసి, ఒంటి మీద ఎంత శ్రద్ధో అనుకున్నారు. శ్రద్ధా కాదు, పాడూ కాదు. ఆ రాబోయే పిల్ల చేతిలో నా పిల్లల్ని పెట్టను అని పళ్లు కొరుక్కుంటూ నడిచాను.